సింకు క్రింద చెక్క ఎందుకండీ?



ముప్పయ్యైదేండ్లు బడిపిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పినవాడు వంటింటి సింకు మీద వ్రాయబూనడమేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. ఛందస్సు మీద మొదలుపెట్టిన టపా ఒకటి సగంలో ఆగి ఉంది. దాన్ని అట్లాగే ప్రక్కనపెట్టి ముందు ఇది వ్రాస్తున్నాను. యతిభంగమైతే పద్యం చెడుతుంది, అంతే. సింకు క్రింద తడి చేరితే ఇల్లు చెడుతుంది. నా విషయంలో ఒక మనిషి పట్ల న్యాయం కూడా చెడింది. అందుచేత ఇది సలహాల టపా కాదు, అభియోగం. మొదటి ముద్దాయిని నేనే గనుక నిర్మొహమాటంగా వ్రాయగలను.

2019లో పదవీ విరమణ చేశాను. వచ్చిన డబ్బులో కొంత పెట్టి, 2020లో, గుంటూరులోని మా పాత ఇంటికి కొత్త వంటగది చేయించాం. "మాడ్యులర్" అన్నారు. పాత కడప బండ గట్టు పగులగొట్టారు. దాని స్థానంలో తళతళలాడే తలుపులు, మెత్తగా మూసుకొనే కీళ్ళు, సింకు క్రింద రెండు రెక్కల అర వచ్చాయి. ఆ అరలోనే నీటి శుద్ధి యంత్రానికి ప్లగ్గు, చెత్తబుట్ట, సబ్బులు, ఫినాయిలు. మా ఆవిడ మాత్రం మొదటిరోజే అడిగింది: "నీళ్ళుండే చోట చెక్కేమిటండీ?" పనివాళ్ళ పెద్ద నవ్వి, "వాటర్ ప్రూఫ్ అమ్మా" అన్నాడు. నేనూ తల ఊపాను. పండితుణ్ణి కదా, మాట వింటే చాలు, అర్థం ఉన్నదనుకొనే జబ్బు.

మూడేళ్ళు గడిచాయి. 2023 వానకాలంలో అర అడుగు పలక ఉబ్బింది. తలుపు క్రింది అంచు పొరలు విడిచింది. లోపల తలపెడితే పాతబియ్యపు బస్తా వాసన. కబురు పెడితే ఒక మనిషి వచ్చి, తలుపు తీసి, రెండు క్షణాలు చూసి తీర్పు చెప్పేశాడు: "మీ పనామె నీళ్ళు ధారాళంగా పోస్తోందండీ. ఇది వాడకంలో తప్పు, వస్తువులో తప్పు కాదు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. విన్న నేను అంతకంటె లోకువైనదాన్ని వెతుక్కున్నాను. మా ఇంట అంట్లు తోమే ఆమెను పిలిచి, "కొంచెం చూసుకొని తోమవమ్మా, ఎన్ని వేలు పోశామో తెలుసా" అన్నాను. నెమ్మదిగానే అన్నాననుకొన్నాను. నెమ్మదిగా వేసినా నింద నిందే. ఆమె చేతులు తుడుచుకొంటూ, "నేను పోసిన నీళ్ళు కాదు మాస్టారూ, లోపల్నించే చెమ్మ వస్తంది. అమ్మగారికి మొన్ననే చెప్పా" అంది. నిజమే, మా ఆవిడకు చెప్పింది. మా ఆవిడ నాకు చెప్పింది. నేను వినలేదు.

పది రోజుల తరువాత, సబ్బు కోసం ఆ అరలో చెయ్యి పెట్టినప్పుడు ఆమెకు షాకు కొట్టింది. ఉబ్బిన పలక ప్లగ్గు పెట్టెను ప్రక్కకు నెట్టింది, తడి దానిలోకి చేరింది. దేవుడి దయవల్ల ఝల్లుమని చెయ్యి వెనక్కు వచ్చింది, ప్రాణం నిలిచింది. ఆ సాయంత్రం అర మొత్తం ఊడదీయించాను. నాలుగు టార్చిలైట్ల వెలుగులో, ఆమె ఎదుటనే, అసలు దోషి దొరికింది. గొట్టం కోసం పలకకు చేసిన రంధ్రం అంచు పచ్చిగా, పూత లేకుండా, దూదిలా విచ్చుకొని ఉంది. దానికి పైన సింకు అడుగు బిగింపులో రబ్బరు వాషరు పగిలి చుక్క చుక్కగా కారుతోంది. ఎన్నాళ్ళనుంచో ఎవరికి తెలుసు? తలుపులు మూసి ఉన్నాయి కదా!

నా వాదం ఆ చివరి వాక్యంలోనే ఉంది. చుక్క కారడం నేరం కాదు. వాషరు రబ్బరుది, ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. ఆ చుక్క మూడేళ్ళు కంటబడకుండా మూసిపెట్టిన ఏర్పాటు నేరం.

ఇప్పుడు కొంచెం లోతుకు వెళదాం.

సింకు క్రిందికి నీరు వచ్చే త్రోవలు అయిదు. మొదటిది, సింకు అంచుకూ గట్టు రాతికీ మధ్యనుండే అతుకు. అక్కడ పూసిన సిలికాను కొన్నాళ్ళకు ఎండి లేచిపోతుంది. రెండవది, సింకు అడుగున వ్యర్థజలపు బిగింపు, దాని క్రింది సీసా ఆకారపు ట్రాపు. మూడవది, కుళాయికి నీరెక్కించే యాంగిల్ కాకు, దాని మెలికల గొట్టం, శుద్ధి యంత్రపు సన్న గొట్టాలు. నాలుగవది మన దేశవాళీ ప్రత్యేకత: మడతల ప్లాస్టిక్ గొట్టాన్ని తెచ్చి నేలలోని తూములోకి ఊరకే దూర్చి వదిలేయడం. చుట్టూ బిగింపు ఉండదు. తూము కాస్త పూడితే నీరు వెనక్కు ఎగదన్ని అరలోకే వస్తుంది, వెంట బొద్దింకలూ వస్తాయి. అయిదవది బయటినుంచి. మనం వంటిల్లు తుడిచి ఊరుకొనే జాతి కాదు. పండుగకూ పబ్బానికీ బకెట్లతో కడుగుతాం. ఆ నీరు తలుపుల క్రిందుగా అడుగు పలక అంచులోకి ఎక్కుతుంది.

దీనికి మన వంటపద్ధతిని కలపండి. మన ఇండ్లలో ఇంకా అన్నం వార్చేవారున్నారు. సలసల కాగిన గంజి నేరుగా సింకులో పోస్తే పలుచని ప్లాస్టిక్ గొట్టం మెత్తబడి అతుకు వదులవుతుంది. మన నీరు చూడండి. సముద్రం వైపు మండలాల్లో చాలాచోట్ల బోరు నీరు ఉప్పన; పడమటి మెట్టలో, కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో, ఫ్లోరైడు బాధ తరతరాలది. అందుకే శుద్ధి యంత్రం మన ఇండ్లలో విలాసం కాదు, అవసరం. ఆ యంత్రం మంచినీళ్ళిస్తూ అంతకంటె ఎక్కువ నీటిని బయటికి వదులుతుంది. ఆ వదిలే గొట్టం కూడా సింకు క్రిందికే. కఠినజలం బిగింపులమీద తెల్లగా పెచ్చుకట్టి, మరలను కదలనివ్వక, రబ్బరును కొరుకుతుంది. ఇన్ని త్రోవల నీటి నడుమ మనం తెచ్చి నిలబెట్టేది ఏమిటయ్యా అంటే, రంపపుపొట్టుకు జిగురు కలిపి అదిమిన పలక!

పార్టికల్ బోర్డనే ఈ పదార్థం పొడిచోట చెడ్డది కాదు. పుస్తకాల అరకు పెట్టుకోండి, బట్టల బీరువాకు పెట్టుకోండి. దాని రెండు ముఖాలకూ నున్నని పొర ఉంటుంది, నాలుగు అంచులకూ ఎడ్జ్ బ్యాండనే పట్టీ అతికిస్తారు. అంతవరకు కోట భద్రమే. ఆ తరువాత ప్లంబరు వచ్చి గొట్టం కోసం రంధ్రం తొలుస్తాడు. కోటగోడకు కన్నం పడింది. పొట్టు ముక్కలను బలవంతంగా అదిమి జిగురుతో నిలిపారు కనుక, నీరు తగలగానే ప్రతి ముక్కా తన సహజ పరిమాణం కోసం ఉబ్బుతుంది, జిగురు పట్టు వదులుతుంది. ఎండినా మళ్ళీ పూర్వరూపానికి రాదు. సాధారణంగా వాడే యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు తేమకు కొద్దికొద్దిగా విడిపోయి ఫార్మాల్డిహైడ్ వాయువును వదులుతుంది. మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో దాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో చేర్చింది. ఒక్క అరవల్ల జబ్బు వస్తుందని నేననను. కాని తలుపు తీయగానే ముక్కుకు తగిలే ఆ ఘాటును "కొత్త సామాను వాసన" అని మురిసిపోవద్దని మాత్రం అంటాను.

మన నేలను తలచుకోండి. గుంటూరు, ప్రకాశం సీమల నల్లరేగడి కూడా తడికి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. అందులోని మాంట్‌మోరిల్లొనైటు బంకమట్టి గుణమది. కాని రేగడి ఉబ్బి మళ్ళీ తగ్గుతుంది, మళ్ళీ పంటనిస్తుంది. ఈ పలక ఉబ్బడమే నేర్చింది, తగ్గడం నేర్వలేదు. పైగా అదే రేగడి కదలిక మన పునాదులను, వాటితోపాటు గొట్టాల అతుకులను ఏటా కొంచెం కదిలిస్తుంది. కదిలే నేలమీద, ఉబ్బే పలక నడుమ, కారే గొట్టం. ఇదండీ మన "డ్రీమ్ కిచెన్".

ఇక నా వృత్తికి సంబంధించిన తగవు. "వాటర్ ప్రూఫ్" అన్న మాట.

ప్లైవుడ్డు మీద ముద్రలుంటాయి, చూడండి. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 303 సాధారణ వినియోగపు ప్లైవుడ్డుది. అందులో ఎం.ఆర్. అంటే మాయిశ్చర్ రెసిస్టెంట్, బి.డబ్ల్యు.ఆర్. అంటే బాయిలింగ్ వాటర్ రెసిస్టెంట్. ఐ.ఎస్. 710 మెరైన్ ప్లైవుడ్డుది, దాన్ని బి.డబ్ల్యు.పి., అంటే బాయిలింగ్ వాటర్ ప్రూఫ్ అంటారు. రెసిస్టెంట్ అంటే నిరోధకం, కాసేపు ఓర్చుకొనేది. ప్రూఫ్ అంటే అభేద్యం. జలము, అభేద్యము కలిస్తే జలాభేద్యము, సవర్ణదీర్ఘసంధి. ఇంత సంధి చేయడానికి అర్హత ఉన్నది ఆ మూడింటిలో ఒక్కదానికే. అంగడిలో మాత్రం మూడింటినీ, వాటితోపాటు పొట్టు పలకనూ, ఒకే "ప్రూఫు"లో కలిపేస్తారు. ఎం.ఆర్. అన్న రెండక్షరాల అర్థం "చెమ్మగాలిని కొంత తట్టుకొంటుంది" అని. నీటిలో నిలుస్తుందని కాదు. చెమ్మకూ నీటికీ తేడా తెలియని తెలుగువాడుంటాడా? అయినా ఇంగ్లీషులో చెబితే ఆ తేడా మనకు కనబడదు.

అసలు సిసలైన మెరైన్ ప్లైవుడ్డుకైనా ఒక మెలిక ఉంది. దాన్ని 72 గంటలు మరిగే నీటిలో ఉంచి పరీక్షిస్తారు, నిజమే. ఆ పరీక్ష ముఖ్యంగా జిగురుకు. పొరలు విడిపోలేదని అది చెబుతుంది. చెక్క నీరు త్రాగదని చెప్పదు. చెక్క చెక్కే కదా, అంచులనుంచి త్రాగుతుంది. త్రాగిన చెక్కకు బూజు పట్టవచ్చు. పొట్టు పలకకంటె ఎన్నో రెట్లు మేలే, కాదనను. కాని "ఖరీదైనది పెట్టాం, ఇక చూడనక్కరలేదు" అనుకొంటే మోసపోతాం.

ఈ సంగతులు తెలియడానికి మనకు ఇంజినీరు అక్కరలేదు. మన పల్లెల్లో ఏ రైతునడిగినా చెబుతాడు. పత్తి తీశాక ఆరబెట్టకుండా మూట కడతాడా? సీసీఐ కొనుగోలు కేంద్రంలో తేమ 8 శాతం దాటితే మద్దతు ధరలో కోత మొదలు. 12 శాతం దాటితే కొననే కొనరు. మిరపకాయ సంగతి సరే సరి. కల్లంలో రోజుల తరబడి ఎండబెట్టి, మబ్బు పడితే పట్టాలు కప్పి, మబ్బు విడవగానే పట్టాలు తీసి, తిరగేసి మరిగేసి, అప్పుడు టిక్కీలకెత్తుతారు. పట్టా కప్పడం ఎంత ముఖ్యమో తీయడం అంతకంటె ముఖ్యం. తీయకపోతే లోపల ఉక్కకు కాయ తాలు పోతుంది, బూజు పడుతుంది. ఆ బూజునుంచే అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, విదేశాలకు పోయిన సరుకు తిరిగి వస్తుంది. గుంటూరు మిర్చియార్డులో పదేళ్ళ కుర్రవాడికి తెలిసిన సూత్రం ఇది: తడిసినదాన్ని మూయరాదు. ఆ యార్డుకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న మన వంటిళ్ళలో, రోజుకు మూడుపూటలా తడిసే చోటికి రెండు తలుపులు బిగించి, వాటిని పొరపాటున కూడా తెరిచి ఉండనివ్వని కీళ్ళు పెట్టుకొంటున్నాం!

నేను పూర్వకాలాన్ని నెత్తిన పెట్టుకొని ఊరేగేవాణ్ణి కాదు. పర్చూరు దగ్గర మా ఊళ్ళో, నా చిన్నతనంలో, అంట్లు పెరట్లో తోమేవారు. బూడిద, కొబ్బరిపీచు, ఇత్తడికి చింతపండు. గిన్నె కడిగిన మొదటి నీళ్ళు కుడితి గోలెంలోకి, ఆ తరువాతి నీళ్ళు అరటిపాదుకు. నీటిబొట్టు వృథా కాలేదు, తడి ఇంట్లోకి రాలేదు. కాని మా అమ్మ గొంతుక్కూర్చొని తోమి తోమి, అరవై దాటకముందే మోకాళ్ళు పట్టుకొనిపోయి, గోడ పట్టుకొని లేచేది. నిలబడి తోముకొనే సింకు వచ్చినరోజు ఆడవాళ్ళకు నిజంగా పండుగే. సింకు మీద నాకేమీ పగ లేదు.

ఆ తరువాత వచ్చిన గట్టు ఏమిటి? రెండు నాపరాళ్ళు నిలువున పాతి, పైన కడప బండ పరచి, దానిలో సింకు దింపేవారు. క్రింద ఖాళీ. అక్కడొక బకెట్టు, ఒక చీపురు, గ్యాసు బండ. చుక్క కారితే క్షణంలో కనబడేది. గుడ్డతో తుడిస్తే ఆరేది. చెదపురుగు తినడానికి ఏమీ లేదు. ముప్పయ్యేళ్ళు ఉన్న అటువంటి గట్టును నేను డబ్బిచ్చి పగులగొట్టించాను. ఇల్లు అలకగానే పండుగ కాదని సామెత. ఉన్న పండుగను చెడగొట్టుకొని అలికినవాణ్ణి నేను.

ఇప్పుడు పూర్వపక్షాలు. మీరు అనబోయేవి నేనే అనుకొని సమాధానం చెబుతాను.

మొదటి పూర్వపక్షం: "అమెరికాలో అందరి ఇండ్లలోనూ సింకు క్రింద చెక్క అరే కదా, అక్కడ ఏమీ కావడం లేదే!" ఇది మా అబ్బాయి మాట, మీలోనూ చాలామంది అక్కడున్నవారే. నాయనా, అక్కడ అంట్లు చాలావరకు యంత్రంలో తోముతారు. వంటింటి నేలను బకెట్లతో కడగరు. గొట్టాన్ని గోడలోని గొట్టానికి మరలతో బిగిస్తారు, తూములో దూర్చి వదలరు. అయినా అక్కడ ఏమీ కావడం లేదన్నది నిజం కాదు. నీటి నష్టం అక్కడి గృహబీమా పరిహారాలలో తరచుగా కనబడే పద్దు. అక్కడ బీమా ఉంది. ఇక్కడ పనిమనిషి ఉంది, నింద మోయడానికి.

రెండవ పూర్వపక్షం: "అందం మాటేమిటి? క్రింద గొట్టాలు కనబడితే ఇల్లు ఇల్లులా ఉంటుందా?" గొట్టం కనబడటం అసహ్యమని ఎవరు నేర్పారు మనకు? కుళాయి కనబడితే అందం, గొట్టం కనబడితే అసహ్యమా? పైన పటారం లోన లొటారం అన్నది ఇటువంటి అందం గురించే. అంతగా చూడలేకపోతే ఒక తెర కట్టండి, గాలి ఆడే జాలీ తలుపు పెట్టండి. అదీ కాదంటే, ఇటువంటి వంటగదులకు మూలపుటమ్మ ఎందుకు పుట్టిందో తలచుకోండి. 1926లో మార్గరెట్ షుట్టె-లిహోట్‌స్కీ అనే వాస్తుశిల్పి జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ వంటగదిని రూపొందించింది. చిన్న ఇండ్లలో ఆడవారి నడక, శ్రమ తగ్గాలన్నది ఆమె తపన. శ్రమ తగ్గించడానికి పుట్టినదాన్ని మనం చూపులకోసం తెచ్చుకొని, బూజు తుడిచే కొత్త శ్రమ ఆడవారికి అంటగట్టాం.

మూడవ పూర్వపక్షం: "అర లోపల వేసే చాపలు, అల్యూమినియం రేకు స్టిక్కర్లు దొరుకుతున్నాయి కదా, వంద రూపాయలతో పోయేదానికి ఇంత రాద్ధాంతమా?" దీనిమీదే నాకు అన్నింటికంటె ఎక్కువ కోపం. అతికించే చాప, అతికించే రేకు రెండూ పలకను పైనుంచి మాత్రమే కాపాడతాయి. నీరు రంధ్రం అంచునుంచి, వెనుక గోడనుంచి, క్రింది నేలనుంచి వస్తే ఆ చాప క్రింద చేరుతుంది. చేరిన నీరు ఆరే దారి లేదు. పైన మాత్రం తళతళ. మిరపకాయలమీద తడి పట్టా కప్పి తీయకపోవడం ఇదే. తడిగుడ్డతో గొంతు కోయడమంటే నేను ఇన్నాళ్ళూ అలంకారమనుకొన్నాను, వాచ్యార్థమని ఇప్పుడు తెలిసింది. అతికించని పళ్ళెం, అంచు రెండు వేళ్ళ ఎత్తున్నది, వారానికొకసారి బయటికి తీసేది అయితే మేలే. అది నీటిని దాచదు, పట్టి చూపిస్తుంది. దాచేదానికీ చూపేదానికీ ఉన్న భేదమే ఈ టపా అంతా.

ఖండన చాలు, కర్తవ్యం చెప్పకపోతే వాదం వితండమవుతుంది.

కొత్తగా కట్టుకొనేవారికి: సింకు క్రింద చెక్క వద్దు. పొట్టు పలక, ఎం.డి.ఎఫ్., ప్లైవుడ్డు, ఏదీ వద్దు. మిగిలిన వంటగదంతా మీ ఇష్టం; ఈ రెండున్నర అడుగులు మాత్రం రాతికి వదలండి. ప్రక్కలకు రాతిపలకలు, అడుగున గచ్చుకంటె కొంచెం ఎత్తుగా గ్రానైటు, ముందుకు చిన్న వాలు. కారిన నీరు వాలుమీద బయటికి వచ్చి మీ కాలికి తగలాలి. అదే మీకు హెచ్చరిక. అడుగుకు నాపరాయి, కడప బండ కూడా సరే, కాని అవి సున్నపురాతి జాతివి. మరుగుదొడ్లు కడిగే ఆమ్లం పడితే తినేస్తుంది. తలుపు కావాలంటే అల్యూమినియం చట్రంలో గాలి ఆడే రెక్కలు. గొట్టం తూములో చేరేచోట రబ్బరు బిగింపు వేయించండి. ప్లగ్గు సింకు క్రింద వద్దేవద్దు. గట్టుకు పైన, నీళ్ళకు ఎడంగా. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పనిసరి.

ఇప్పటికే చెక్క అర ఉన్నవారికి: ఈ రాత్రే అందులోని సామాను తీసి, పొడిగుడ్డతో ప్రతి బిగింపునూ తడమండి. సింకు నింపి, ఒక్కసారిగా వదిలి, క్రింద టార్చి వేసి చూడండి; సన్నధారకు దొరకని దొంగ నిండునీటికి దొరుకుతాడు. గొట్టాల రంధ్రాల పచ్చి అంచులను బాగా ఆరనిచ్చి, సిలికానుతో గాని ఎపాక్సీతో గాని మూయండి. తడిమీద పూస్తే తడిని లోపల బంధించినట్లే. అతికించిన చాప ఉంటే పీకేయండి. అంట్లు తోమిన తరువాత ఒక గంట తలుపులు బార్లా తెరిచి ఉంచండి. వంట ముగిశాక పొయ్యి ఆపినట్టే, ఇదీ అలవాటు కావాలి. గంజిని చల్లార్చి పోయండి, లేదా మొక్కలకు పోయండి. పలక ఉబ్బి ఉంటే బాగుచేయించాలని చూడకండి, తీయించండి.

"రాయి ఖరీదు కదా" అనేవారికి ఒక మాట. మన ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైటు, బంగారు చుక్కల ఆ నల్లరాయి, బ్లాక్ గెలాక్సీ అన్న పేరుతో ప్రపంచమంతా పోతోంది. పరదేశాల వంటగట్లమీద మన ఒంగోలు రాయి మెరుస్తుంటే, ఆ రాతి ఊరికి కూతవేటు దూరంలో మనం పొట్టు పలక కొంటున్నాం. గట్టు కోయగా మిగిలే ముక్కలు రాతి దుకాణాల వెనుక గుట్టలుగా పడి ఉంటాయి. సింకు అరకు ఆ ముక్కలే చాలు, అడిగి చూడండి. ఇక రాయి తడికి ఎంతకాలం నిలుస్తుందని సందేహమా? అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు మన పలనాటి సున్నపురాయే. దాదాపు రెండువేల ఏండ్ల వానలు, వరదలు, మట్టి చూసి కూడా వాటిమీది తామరరేకులు లెక్కపెట్టవచ్చు. నా అర మూడు వానకాలాలు చూసింది.

చివరిగా, మొదటి ముద్దాయి మాట.

అర ఊడదీసిన సాయంత్రమే ఆమెకు క్షమాపణ చెప్పాను. "పర్లేదులే మాస్టారూ" అంది. ఆ "పర్లేదు" నన్ను ఇప్పటికీ వదలదు. ఎన్ని ఇండ్లలో ఎన్ని పలకలు ఉబ్బితే ఎన్నిసార్లు విని ఉంటుంది ఆ నింద! నీరు పల్లమెరుగు అంటారు. నింద కూడా అంతే: అమ్మినవాడిమీద నిలవదు, బిగించినవాడిమీద నిలవదు, కొన్నవాడిమీద నిలవదు, జారి జారి ఇంట్లో అందరికంటె పల్లాన ఉన్న మనిషి దగ్గర చేరుతుంది. అక్కడ ఇంకిపోతుంది గనుక ఎవరికీ కనబడదు.

ఇప్పుడు మా సింకు క్రింద రెండు గ్రానైటు ముక్కలు, ఒక బకెట్టు, ఖాళీ ఉన్నాయి. ప్లగ్గు పైకెక్కింది. తలుపులు లేవు. మొన్న ఏదో బిగింపు వదులై నీరు వాలుమీదుగా వచ్చి గచ్చుమీద పడింది. అయిదు నిమిషాలలో ఆమే చూసింది, మరుసటి గంటలో ప్లంబరు వచ్చాడు, ఒక వాషరు ధరతో పోయింది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.

మీ ఇండ్లలో సంగతి ఎట్లా ఉంది? రాత్రికి ఒకసారి వంగి, తలుపు తీసి, చూసి వచ్చి వ్రాయండి. నా వాదంలో లోపముంటే నిర్దాక్షిణ్యంగా చెప్పండి, దిద్దుకొంటాను. ఛందస్సు టపా వచ్చేవారం తప్పక పూర్తిచేస్తాను.

భవదీయుడు,
విశ్రాంత తెలుగు పండితుడు, గుంటూరు